అలసిన అమ్మకు నిద్ర ఎందుకు పట్టదు?

ఒకనాడు తరగతిలో నిద్రను గురించిన పాఠం ముగించబోతూ ఉండగా, వెనుక బల్ల మీదినుండి ఒక విద్యార్థిని లేచి ఇట్లా అడిగింది: "అలసినవారికి నిద్ర బాగా పడుతుందన్నారు గదా, మాస్టారూ! మా అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తుంది. రాత్రి పదిగంటలదాకా నడుము వాల్చదు. మా ఇంట్లో అందరికంటె ఎక్కువగా అలసేది ఆమే. అయినా మేమంతా నిద్రపోయిన తరువాత ఒంటిగంటదాకా ఆమె ఒక్కతే మేలుకొని ఉంటుంది. ఎందుకండీ?"

"ఆలోచనలు తగ్గించుకోమని చెప్పమ్మా" అన్నాను. ఇంతలో గంట కొట్టారు.

ఇంటికి వచ్చిన తరువాత ఆ జవాబు నాకే నచ్చలేదు. తగ్గించుకోమంటే తగ్గేవి కావు ఆలోచనలు. పైగా నిద్ర రాకపోవటం ఆ తల్లి తప్పే అన్నట్లుగా ఉన్నది నా మాట. శాస్త్రం అట్లా చెప్పదు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు కొంత మెరుగైన జవాబు చెప్పటానికే ఈ వ్యాసం.

అలసట వేరు, నిద్రమత్తు వేరు

పగలంతా నాట్లు వేసిన స్త్రీ ఒళ్ళు అలసి ఉంటుంది. అయినా సాయంకాలం ఇంటికి నడిచి వస్తూ కబుర్లు చెపుతూనే ఉంటుంది. మధ్యాహ్నం భోజనం చేసి ఊరికే కూర్చున్న మనిషికి ఏ శ్రమా లేకుండానే కళ్ళు మూతలు పడతాయి. దీనినిబట్టి అలసట, నిద్రమత్తు ఒకటి కావని తెలుస్తుంది. అలసట ఒంటిది, మనస్సుది. నిద్రమత్తు మెదడులో పుట్టేది. దానిని నడిపే శక్తులు రెండని జ్యూరిక్ నగరంలో పరిశోధన చేసిన అలెగ్జాండర్ బోర్బేయ్ 1982లో వివరించాడు.

మొదటి శక్తిని నిద్రభారం అనుకొందాము. మెదడులోని కణాలు పనిచేసేటప్పుడు ఏటిపి అనే శక్తిపదార్థం ఖర్చవుతుంది. ఆ ఖర్చు వలన అడినోసిన్ అనే పదార్థం కణాల మధ్య పోగవుతూ ఉంటుంది. ఒక కుండలోకి చుక్కచుక్కగా నీరు చేరినట్లు, మేలుకొని ఉన్న ప్రతి గంటా ఈ భారం పెరుగుతుంది. నిద్రలో ఆ కుండ మళ్ళీ ఖాళీ అవుతుంది. కాఫీలోను టీలోను ఉండే కెఫీన్, అడినోసిన్ అంటుకోవలసిన చోట తాను చేరి కూర్చుంటుంది. అప్పుడు కుండ నిండినా మెదడుకు కబురు అందదు. కెఫీన్‌లో సగభాగం ఒంటినుండి పోవటానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంకాలం 5 గంటలకు తాగిన కాఫీలో సగం రాత్రి 10 గంటలకు కూడా రక్తంలో ఉంటుందన్నమాట. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో ఈ వ్యవధి దాదాపు రెట్టింపవుతుంది. నెలలు నిండుతున్న గర్భిణులలో 15 గంటలదాకా పోవచ్చును.

రెండవ శక్తి శరీరంలోని గడియారం. 1729లో డి మైరాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచుకొనే ఒక మొక్కను - అది అత్తిపత్తి అయి ఉంటుందని నేటివారి అభిప్రాయం - చీకటిలో దాచి ఉంచాడు. సూర్యుడు కనబడకపోయినా అది వేళకు ఆకులు విప్పింది, వేళకు ముడిచింది. అట్లాంటి గడియారమే మనకూ ఉన్నది. అది కళ్ళనుండి వచ్చే నాడులు ఒకదానినొకటి దాటే చోటుకు పైన, మెదడు అడుగున, బియ్యపు గింజంత కూడా లేని రెండు చిన్న కణసమూహాలలో ఉన్నదని 1972లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలు చూపించాయి. చీకటి పడిన తరువాత పీనియల్ గ్రంథిచేత మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేయించేది ఈ గడియారమే. ఒంటివేడిని కొద్దిగా దించి నిద్రకు దారి తీసేదీ ఇదే.

ఈ గడియారానికి ఒక విచిత్రమైన గుణం ఉన్నది. మనిషి మామూలుగా నిద్రపోయే వేళకు రెండు మూడు గంటల ముందు అది మెలకువను బాగా బలపరుస్తుంది. పది గంటలకు నిద్రపోయే అలవాటున్న మనిషి, నిన్న నిద్ర చాలలేదు గదా అని ఈరోజు ఎనిమిదింటికే పడుకొంటే నిద్ర రాకపోవటానికి కారణం ఇదే.

ఈ రెండింటికి తోడు మెదడులో ఒక కావలివాడు కూడా ఉన్నాడు. ప్రమాదం ఉన్నదని తోస్తే వాడు గుండెవేగం పెంచి, చెవులు రిక్కించి, నిద్రను వాకిట్లోనే ఆపివేస్తాడు. పులి వచ్చినప్పుడు ఇది ప్రాణరక్షణ. బిడ్డ దగ్గు, రేపటి ఫీజు, తలుపు గడియ వేశామా లేదా అన్న అనుమానం - వీటికి కూడా వాడు అదే విధంగా లేస్తాడు. ఒళ్ళు ఎంత అలసినా కావలివాడు కూర్చోకపోతే నిద్ర లోపలికి రాదు.

స్త్రీల విషయంలో ప్రత్యేకత ఏమిటి?

వివిధ దేశాలలో జరిగిన పరిశీలనలన్నిటిని కలిపి 2006లో లెక్క కట్టగా, నిద్రలేమి పురుషులలో కంటె స్త్రీలలో సుమారు 1.4 రెట్లు ఎక్కువగా ఉన్నదని తేలింది. అంతమాత్రాన స్త్రీల మెదడుకు నిద్రపోయే శక్తి తక్కువ అనుకోకూడదు. ఆరోగ్యంగా ఉన్న స్త్రీల గాఢనిద్రను పరికరాలతో కొలిచి చూస్తే అది పురుషుల నిద్రకు ఏమీ తీసిపోదు. తేడా అంతా ఆ నిద్రకు కలిగే అంతరాయాలలో ఉన్నది.

ఋతుచక్రంలో అండం విడుదల అయిన తరువాత ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పెరుగుతుంది. అది ఒంటివేడిని 0.3 నుండి 0.5 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పెంచుతుంది. నిద్రకు ఒంటివేడి తగ్గాలని పైన చెప్పుకొన్నాము. ప్రొజెస్టెరాన్ నుండి తయారయ్యే మరొక పదార్థానికి మెదడును శాంతపరచే గుణం కూడా ఉన్నది. బహిష్టుకు ముందు నాలుగైదు రోజులలో ఈ హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. ఆ రోజులలోనే చాలామందికి నిద్ర చెడుతుంది. ఇది వారి ఊహ కాదు, రక్తంలో జరిగే మార్పు.

గర్భిణికి చివరి నెలలలో మాటిమాటికి మూత్రం, గుండెలో మంట, బిడ్డ కదలిక నిద్రను చెడగొడతాయి. బాలింతకు రాత్రంతా పాలివ్వటమే సరిపోతుంది. బహిష్టులు ఆగిపోయే వయస్సులో - మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్ళకు వస్తుంది - ఈస్ట్రోజెన్ తగ్గిపోయి మెదడులోని ఉష్ణ నియంత్రణ కేంద్రం సున్నితమవుతుంది. ఒంటివేడి కాస్త పెరిగితే చాలు, ముఖానికి, ఛాతీకి ఆవిరులు కమ్మి, చెమట పట్టి మెలకువ వస్తుంది. ఇట్లా ఒక రాత్రిలో అనేకసార్లు జరగవచ్చును.

శరీర గడియారంలో కూడా స్వల్పమైన తేడా ఉన్నది. 2011లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారం పురుషుల గడియారం ఒక చుట్టు తిరగటానికి సగటున 24 గంటల 11 నిమిషాలు, స్త్రీల గడియారానికి 24 గంటల 5 నిమిషాలు పడుతుంది. కొందరు స్త్రీలకు తెల్లవారకముందే మెలకువ వచ్చివేయటానికి ఈ ఆరు నిమిషాలు ఒక కారణం కావచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

కాళ్ళు పీకటం - ఇనుము కొరత

మన ఇళ్ళలో మరీ ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. పడుకోగానే కాళ్ళు లాగుతున్నాయనీ పీకుతున్నాయనీ చెప్పి, పిల్లలచేత తొక్కించుకొనే తల్లులు ఎంతోమంది. అది పని వలన వచ్చిన నొప్పి అనే అందరూ అనుకొంటారు. కొందరిలో అది వేరొక జబ్బు. సాయంకాలం నుండి రాత్రి వరకు ఎక్కువవుతుంది. కదలకుండా ఉంటే హెచ్చుతుంది. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. మళ్ళీ పడుకొంటే మొదటికి వస్తుంది. స్వీడన్ దేశపు వైద్యుడు ఎక్‌బామ్ 1945లో దీనిని వివరంగా వర్ణించాడు.

డోపమిన్ అనే పదార్థం మెదడులో తయారు కావాలంటే ఇనుము అవసరం. ఇనుము నిలవలు తరిగితే ఈ బాధ కలుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అందుచేత కాళ్ళు పీకి నిద్రపట్టని స్త్రీకి ఫెరిటిన్ అనే రక్తపరీక్ష చేయించటం మంచిది. హిమోగ్లోబిన్ సరిగానే ఉన్నా ఫెరిటిన్ తక్కువగా ఉండవచ్చును. అది మిల్లీలీటరుకు 75 నానోగ్రాములకు మించకపోతే ఇనుము ఇచ్చి చూడటం వైద్యుల పద్ధతి. ఇట్లాంటి వారికి కావలసింది నిద్రమాత్ర కాదు, ఇనుము.

నిద్ర పట్టకపోవటమా, నిద్రకు వేళ లేకపోవటమా?

వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలపాటు నిద్ర పట్టకపోవటం, దాని వలన పగటి పనులకు ఇబ్బంది కలగటం - దీనిని దీర్ఘకాలపు నిద్రలేమి అంటారు. ఇందులో మరొక ముఖ్యమైన నియమం ఉన్నది: నిద్రపోవటానికి తగినంత వ్యవధి ఉండి కూడా పట్టకపోవాలి. వ్యవధే లేనివారిది ఈ జబ్బు కాదు.

2024 సంవత్సరపు కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. పిల్లల, వృద్ధుల సంరక్షణ ఇందులో చేరలేదు. అది వేరే లెక్క. పదకొండింటికి అంట్లు కడిగి, నాలుగున్నరకు మంచినీళ్ళ కుళాయి కోసం లేచే స్త్రీకి మిగిలేది ఐదున్నర గంటలు మాత్రమే. ఆమె పడుకోగానే నిద్రపోతుంది. పగలు కూర్చున్నచోటే కునుకు తీస్తుంది. ఆమెకు ఏ మందూ, ఏ వ్యాయామమూ అక్కరలేదు. పనిలో పాలు పంచుకొనే మనుషులు కావాలి.

కునుకు తీయటానికి సందు దొరికినా కునుకు పట్టని స్త్రీ విషయం వేరు. అలసట ఉన్నది, నిద్రమత్తు లేదు. మా విద్యార్థిని తల్లి ఈ రెండవ తెగకు చెందింది. అయితే ఈ రెండు బాధలూ ఒకే మనిషిలో కలిసి ఉండటం కూడా కద్దు.

నాలుగు రోజుల బాధ నాలుగేళ్ళు ఎట్లా అవుతుంది?

దీనిని ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1987లో చక్కగా వివరించాడు. నిద్రలేమికి మూడు రకాల కారణాలు ఉంటాయి. మొదటివి, సులువుగా మెలకువ వచ్చే స్వభావం వంటి పూర్వకారణాలు. రెండవవి, ప్రసవం, జబ్బు, ఇంట్లో ఒకరి మరణం వంటి ఆరంభకారణాలు. మూడవవి, ఆ బాధను నిలబెట్టే కారణాలు. ఆరంభకారణం తొలగిపోయిన తరువాత కూడా నిద్ర తిరిగి రాకపోతే, ఈ మూడవ రకం పనిచేస్తున్నదని గ్రహించాలి.

విచిత్రం ఏమంటే, ఈ మూడవ రకం కారణాలన్నీ మనం మంచి అనుకొని చేసే పనులే. నిద్ర చాలలేదని పెందలకడనే పడుకొంటాము. పట్టకపోయినా కళ్ళు మూసుకొని పడి ఉంటాము. సెలవునాడు ఆలస్యంగా లేస్తాము. మధ్యాహ్నం రెండు గంటలు నడుము వాలుస్తాము. వీటితో నిద్రభారం పలచబడుతుంది. గడియారం దారి తప్పుతుంది. రాత్రి మాటిమాటికి సెల్‌ఫోనులో టైము చూసుకొని, "ఇంకా మూడు గంటలే ఉన్నది" అని లెక్కవేసుకొంటాము. దానితో కావలివాడు లేచి కూర్చుంటాడు. కొన్నాళ్ళకు, హాలులో కూర్చుని కునికిపాట్లు పడే మనిషికి మంచం ఎక్కగానే మెలకువ వస్తుంది. గంట మోగగానే పావ్‌లోవ్ కుక్కకు నోరూరినట్లు, మంచం చూడగానే మెదడు మేలుకోవటం నేర్చుకొన్నది! నేర్చుకొన్నదానిని మరపించవచ్చును. చికిత్స అంతా ఈ ఒక్క మాటలో ఉన్నది.

మరపించే పద్ధతి

1972లో రిచర్డ్ బూట్‌జిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు సూచించిన నియమాలు చాలా సులభమైనవి. నిద్ర ముంచుకొని వచ్చినప్పుడే పక్కమీదికి వెళ్ళాలి. సుమారు 20 నిమిషాలలో నిద్ర పట్టలేదని తోస్తే - గడియారం చూడకుండా, అంచనాగానే - లేచి వేరొక చోట కూర్చోవాలి. మళ్ళీ నిద్ర వచ్చినప్పుడే పక్క చేరాలి. ఎన్నిసార్లయినా ఇట్లాగే చేయాలి. ఎంతసేపు పడుకొన్నా ఉదయం ఒకే వేళకు లేవాలి. పగటి నిద్ర మానాలి. అందరూ ఒకే గదిలో పడుకొనే ఇంట్లో వేరే గది ఎక్కడిదని అడగవచ్చును. వేరే గది అక్కరలేదు; గోడవారగా ఒక చాపో, వసారాలో ఒక కుర్చీయో చాలు. మసక వెలుతురులో కూర్చుని పూలమాల కట్టుకోవచ్చును, జపం చేసుకోవచ్చును. ఫోను తెరిస్తే మాత్రం వెలుతురుకు మెలటోనిన్ తగ్గుతుంది, కబుర్లకు కావలివాడు లేస్తాడు.

రెండవ పద్ధతి స్పీల్‌మన్ చెప్పినది. దీనికి కొద్దిపాటి లెక్క కావాలి. ఒకామె రాత్రి 9 గంటల 30 నిమిషాలకు పడుకొని ఉదయం 5 గంటల 30 నిమిషాలకు లేస్తుందనుకొందాము. పక్కమీద గడిపేది 480 నిమిషాలు. రెండు వారాలు రాసిపెట్టుకొని చూస్తే నిజంగా నిద్రపోయేది సగటున 330 నిమిషాలే అని తేలింది. 330ని 480 చేత భాగిస్తే నూటికి సుమారు 69 పాళ్ళు మాత్రమే సద్వినియోగం. ఇప్పుడు ఆమె లేచే వేళను మార్చకుండా పడుకొనే వేళను రాత్రి 12 గంటలకు జరుపుతాము. మొదటి వారం కష్టంగానే ఉంటుంది. అయితే నిద్రభారం పేరుకొని, పడుకొన్న నిద్ర చిక్కబడుతుంది. సద్వినియోగం నూటికి 85 పాళ్ళు దాటిన వారంలో పడుకొనే వేళను 15 నిమిషాలు ముందుకు తెస్తాము. ఇట్లా మెట్టుమెట్టుగా, ఆమె ఒంటికి చాలినంత నిద్ర సమకూరేదాకా సాగుతాము.

ఇందులో మూడు జాగ్రత్తలు ఉన్నాయి. పక్కమీది వ్యవధిని 5 గంటలకు తగ్గించకూడదు. మొదటి వారాలలో పగలు మత్తుగా ఉంటుంది గనుక వాహనం నడపటంలో, పొయ్యి దగ్గర జాగ్రత్త అవసరం. మూర్ఛ వ్యాధి, ఉన్మాదం వచ్చి పోయే మానసిక వ్యాధి ఉన్నవారూ, గర్భిణులూ వైద్యుని సలహా లేకుండా దీనిని ప్రయత్నించకూడదు.

ఈ రెండు పద్ధతులకు తోడు, "ఈ రాత్రి నిద్ర లేకపోతే రేపు పని సాగదు" వంటి భయాలను నిదానంగా పరీక్షించి చూసుకోవటం నేర్పుతారు. మొత్తం చికిత్స ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. దీర్ఘకాలపు నిద్రలేమి ఉన్న పెద్దలందరికీ మందులకంటె ముందు ఈ చికిత్సే చేయాలని అమెరికా వైద్యుల కళాశాల 2016లో సిఫారసు చేసింది. బహిష్టులు ఆగే వయస్సు స్త్రీలలో కూడా ఇది బాగా పనిచేస్తుందని పరిశోధనలలో తేలింది.

మాత్రల సంగతి

నిద్రమాత్రలు కొద్దిరోజులకు ఉపకరిస్తాయి; నేర్చుకొన్న మెలకువను మరపించలేవు. వీటిని గురించి స్త్రీలు తెలుసుకోవలసిన కథ ఒకటి ఉన్నది. జోల్పిడెమ్ అనే మాత్ర అమెరికాలో 20 ఏళ్ళపాటు స్త్రీపురుషులకు ఒకే మోతాదులో, అనగా 10 మిల్లీగ్రాముల చొప్పున, అమ్ముడయింది. స్త్రీల శరీరం ఆ మందును నెమ్మదిగా వదిలించుకొంటుంది. మాత్ర వేసుకొన్న ఎనిమిది గంటల తరువాత కూడా, వాహనం నడపటానికి ఆటంకమయ్యేటంత మందు స్త్రీలలో నూటికి 15 మంది రక్తంలో మిగిలి ఉన్నది. పురుషులలో నూటికి ముగ్గురిలో మాత్రమే. 2013 జనవరిలో అక్కడి ప్రభుత్వ సంస్థ స్త్రీల మోతాదును 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. ఒకరికి సరిపోయిన మాత్ర మరొకరికి సరిపోదు. పక్కింటివారు వాడుతున్నారని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకోవటం ప్రమాదం. చాలాకాలంగా వేసుకొంటున్నవారు ఒక్కసారిగా మానటం కూడా ప్రమాదమే. వైద్యుని చెప్పుచేతలలో కొద్దికొద్దిగా తగ్గించాలి.

కొన్ని సందర్భాలలో ఆలస్యం చేయకూడదు. బిడ్డ నిద్రపోతున్నా బాలింతకు నిద్ర రాక, దిగులుగా ఉంటే అది ప్రసవానంతర మానసిక వ్యాధికి సూచన కావచ్చును. గురక, ఉదయం తలనొప్పి, ఊపిరి ఆడనట్లు మెలకువ రావటం ఉంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బును గురించి పరీక్ష చేయించాలి. ఈ జబ్బు బహిష్టులు ఆగిన తరువాత స్త్రీలలో హెచ్చుతుంది. గురక పెద్దగా లేక, కేవలం నిద్రలేమిగాను నీరసంగాను కనబడటం వలన తరచు దొరకకుండా పోతుంది. ఆవిరులు బాధిస్తూ ఉంటే వాటికీ చికిత్స ఉన్నది. బ్రతకాలనిపించని రాత్రులు ఉంటే ఆనాడే ఇంట్లోవారికి చెప్పి వైద్యుని వద్దకు వెళ్ళాలి.

విద్యార్థులు చేయదగిన పని

ఉపాధ్యాయులు ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లలచేత ఒక చిన్న పరిశీలన చేయించవచ్చును. ఇంట్లో పెద్దల అనుమతితో, రెండు వారాలపాటు ఒక కాగితం మీద ఎవరు ఎప్పుడు పడుకొన్నారు, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, ఎన్నిసార్లు లేచారు, ఎప్పుడు లేచారు, చివరి కాఫీ ఎప్పుడు తాగారు అని ఉదయంపూట రాయాలి. రాత్రిపూట గడియారం చూసి రాయకూడదు. పక్కనే మరొక వరుసలో ఆ రోజు రాత్రి భోజనం తరువాత ఎవరు ఏ పని చేశారో కూడా రాయాలి. మొదటి వరుసలు శరీరశాస్త్రం చెపుతాయి. చివరి వరుస చెప్పేది మరెక్కడా అచ్చు కాలేదు. ఆ ఇంట్లోవారే చదువుకోవాలి.

మా విద్యార్థిని ప్రశ్నకు నా జవాబు ఇప్పుడు ఇది: అమ్మా, మీ అమ్మగారి ఒళ్ళు అలసింది గాని, ఆమెలోని కావలివాడు ఇంకా దిగలేదు. ఆమెను పెందలకడనే పడుకోమని పోరు పెట్టవద్దు. కాళ్ళు పీకుతున్నాయేమో, ఆవిరులు వస్తున్నాయేమో అడుగు. సాయంకాలం కాఫీ మానమను. రాత్రి తలుపు గడియ నువ్వు వేసి, పాలు నువ్వు తోడుపెట్టి, ఉదయం కుళాయి దగ్గరికి మీ అన్నయ్యను పంపు. "అన్నీ అయినాయి, నువ్వు చూడనక్కరలేదు" అని ఆమెకు వినబడేటట్లు చెప్పు. కావలి మారిందని తెలిస్తే గాని పాత కావలివాడు నిద్రపోడు.